పుట్ అప్, పుట్ అప్ విత్: మావయ్య చోటిచ్చాడా, భరించాడా?

ఒడిశాలోని బరంపురంలో బుడీ ఠాకురాణీ అమ్మవారి యాత్ర రెండేళ్లకోసారి వస్తుంది. ఆ రోజుల్లో ఊళ్లో ఏ ఇల్లు చూసినా చుట్టాలే. ఇచ్ఛాపురం నుంచి కొందరు, పర్లాకిమిడి నుంచి కొందరు, గుణుపురం బండి దిగి వచ్చేవాళ్లు మరికొందరు. నా దగ్గర ట్యూషన్‌కి వచ్చే పాతపట్నం అమ్మాయి ఒకసారి యాత్ర మీద ఇంగ్లీషులో పది వాక్యాలు రాసుకొచ్చింది. అందులో ఒకటి ఇది: "మై అంకుల్ పుట్ అప్ విత్ అస్ ఫర్ ఫైవ్ డేస్."

మావయ్య ఐదు రోజులు తమకు ఇంట్లో చోటిచ్చాడని ఆ పిల్ల ఉద్దేశం. ఇంగ్లీషు చదివినవాడికి మాత్రం "మావయ్య ఐదు రోజులు మమ్మల్ని భరించాడు" అని అర్థమవుతుంది. సంగతి చెబితే కాసేపు నవ్వి, "అత్తయ్యనడిగితే ఇదే కరెక్టంటుంది మాస్టారూ" అంది.

తప్పు చిన్నదే. ఒక్క "విత్" ఎక్కువ పడింది. కానీ ఆ ఒక్క మాటకు ఆతిథ్యం కాస్తా విసుగైపోయింది. పోటీ పరీక్షలకు చదివేవాళ్లూ, ఆఫీసుల్లో ఇంగ్లీషు ఉత్తరాలు రాసేవాళ్లూ ఈ పుట్ అప్ దగ్గర ఎన్నిసార్లు జారిపడ్డారో చూశాను కాబట్టి, మా పిల్లలకు చెప్పే వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను. పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకోండి.

మొదటి మెట్టు: భయం పోవాలంటే ముందు తెలుగు చూడండి

ఇలాంటి క్రియల్ని ఇంగ్లీషులో ఫ్రేజల్ వెర్బులంటారు. చిన్న క్రియ పక్కన అప్, ఆఫ్, అవుట్ లాంటి బుల్లి మాట చేరి, రెండూ కలిసి కొత్త అర్థం ఇస్తాయి. "విడివిడిగా రెండూ తెలుసు, కలిస్తే తెలియదు, ఇదేం భాష" అని మా పిల్లలు గింజుకుంటారు. అప్పుడు నేను బోర్డు మీద రెండు తెలుగు మాటలు రాస్తాను: వెనకేసుకోవడం, వెనకేసుకురావడం.

"వాడు నాలుగు డబ్బులు వెనకేసుకున్నాడు" అంటే కూడబెట్టాడని. "వాడు తమ్ముణ్ణి వెనకేసుకొచ్చాడు" అంటే తమ్ముడి తప్పును కూడా సమర్థించాడని. వెనక, వేయడం, రావడం అన్నీ తెలిసిన మాటలే. చివర "రావడం" చేరేసరికి డబ్బు సంగతి తమ్ముడి సంగతి అయిపోయింది. ఎత్తిపొడవడంలో ఎత్తేదీ లేదు, పొడిచేదీ లేదు. చెయ్యి చేసుకోవడంలో ఎవరూ చేతులు తయారు చేసుకోరు. ఈ పని మన భాష రోజూ చేస్తూనే ఉంది. చిన్నప్పటి నుంచి వింటున్నాం కాబట్టి మనకు వింతగా అనిపించదు, అంతే.

కాబట్టి మొదటి రోజే పుస్తకంలో ఇలా రాసుకోండి: పుట్ అప్ ఒక క్రియ, పుట్ అప్ విత్ ఇంకొక క్రియ. వెనకేసుకోవడం, వెనకేసుకురావడం లాగా. రెండింటికీ వేర్వేరు పేజీలు ఇవ్వండి.

ఉచ్చారణ గురించి ఒక మాట. మాట్లాడేటప్పుడు బరువు పుట్ మీద కాకుండా అప్ మీద పడాలి. భూతకాలంలోనూ పుట్ పుట్‌గానే ఉంటుంది, మారదు. పుటింగ్ అని రాసేటప్పుడు టీ అక్షరం రెండుసార్లు వస్తుంది. గోల్ఫ్ ఆటలో బంతిని మెల్లగా గుంటలోకి నెట్టడాన్ని కూడా సరిగ్గా అవే అక్షరాలతో రాసి, "పటింగ్" అని పలుకుతారు. ఇంగ్లీషు స్పెల్లింగు మీద నాకున్న ఫిర్యాదుల్లో ఇదొకటి.

రెండో మెట్టు: పైకెత్తి నిలబెట్టడం

పుట్ అప్ అసలు అర్థం కంటికి కనిపించేదే. కింద ఉన్నదాన్ని పైకెత్తి నిలబెట్టడం, లేదా తగిలించడం. యాత్రకు అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టుగా దేశిబెహెరా వీధికి వస్తుంది. అక్కడ ఆమె కోసం తాత్కాలికంగా మండపం కడతారు. "దే పుట్ అప్ ఎ టెంపరరీ పెవిలియన్ ఫర్ ద గాడెస్." పందిరి వేయడం, టెంటు వేయడం, కంచె కట్టడం, గోడకు అల్మరా బిగించడం, తెరలు కట్టడం, గొడుగు విప్పడం, క్లాసులో చెయ్యి ఎత్తడం, అన్నీ పుట్ అప్‌లోకే వస్తాయి. మనకు ఒక్కోదానికి ఒక్కో క్రియ ఉంది. వేస్తాం, కడతాం, బిగిస్తాం, విప్పుతాం, ఎత్తుతాం. ఇంగ్లీషువాడు అన్నింటినీ ఒకే మాటతో లాగించేస్తాడు. అందుకే ఇక్కడ నిఘంటువులో తెలుగు మాట వెతుక్కుని పెట్టుకుంటే పని జరగదు. "పైకి లేచి నిలబడిందా?" అని అడగండి, చాలు.

నోటీసు అంటించడం కూడా ఇదే. "ద స్కూల్ హాజ్ పుట్ అప్ ద రిజల్ట్స్" అంటే ఫలితాలు బోర్డు మీద పెట్టారని. ఇప్పుడు బోర్డు బదులు వెబ్‌సైటు అయినా మాట మారలేదు. ఆడవాళ్లు జుట్టు పైకి ముడి వేసుకుంటే "షి పుట్ హర్ హెయిర్ అప్" అంటారు.

నాకు బాగా ఇష్టమైన వాడుక ఒకటుంది. అమెరికా పల్లెటూళ్లలో పళ్లూ కూరలూ ఏడాదికి సరిపడా జాడీల్లో నిలవ చేయడాన్ని కూడా పుట్ అప్ అనే అంటారు. మనం ఏమంటాం? ఎండాకాలం వస్తే ఆవకాయ పెడతాం. చేస్తాం అనం, పెడతాం అంటాం. ఎక్కడి అమెరికా పెద్దావిడ, ఎక్కడి బరంపురం నాయనమ్మ, జాడీ దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి నోటా ఒకటే క్రియ! అయితే బ్రిటిష్ ఇంగ్లీషులో ఈ వాడుక పెద్దగా వినిపించదు. పరీక్షలో "మేక్ పికిల్" అని రాస్తే చాలు.

మూడో మెట్టు: "ఇట్" ఎక్కడ కూర్చుంటుంది

మార్కులు పోయేది ఇక్కడే. పుట్ అప్ విడిపోయే క్రియ. టెంటును చివరా పెట్టొచ్చు, మధ్యలోనూ పెట్టొచ్చు. "పుట్ అప్ ద టెంట్" సరైనదే, "పుట్ ద టెంట్ అప్" కూడా సరైనదే. కానీ టెంటు పేరు తీసేసి "ఇట్" అన్నారనుకోండి, అది మధ్యలోనే ఉండాలి. "పుట్ ఇట్ అప్." "పుట్ అప్ ఇట్" అని ఎప్పుడూ రాయకూడదు. హిమ్, హర్, అస్, దెమ్ అన్నింటికీ ఇదే వరుస.

దీన్ని గుర్తుపెట్టుకోవడానికి మా పిల్లలకు బస్సు సీటు కథ చెబుతాను. సర్వనామం బక్కపలచని మనిషి, ఇద్దరి మధ్యా ఇట్టే ఇరుక్కుని కూర్చుంటుంది. మామూలు నామవాచకం ఎక్కడైనా సర్దుకుంటుంది. "గుడి పక్కన పడిపోయిన పాత పందిరి" లాంటి పొడవాటి మాట మాత్రం సామాన్లతో ఎక్కిన కుటుంబం. మధ్యలో పట్టదు, వెనక సీటుకి పంపేయాలి. పొడవైనదాన్ని మధ్యలో పెట్టడం వ్యాకరణరీత్యా తప్పు కాకపోయినా, చదివేవాడు అప్ దాకా వచ్చేసరికి పుట్‌ని మరిచిపోతాడు.

ఇప్పుడు పుస్తకం మూసి, ఈ మూడింటినీ "ఇట్"తో లేదా "దెమ్"తో పైకి చెప్పండి: నోటీసు అంటించు, తెరలు కట్టు, గొడుగు విప్పు. పుట్ ఇట్ అప్, పుట్ దెమ్ అప్, పుట్ ఇట్ అప్. నాలుక దానంతటదే తిరిగేదాకా అంటూ ఉండండి.

నాలుగో మెట్టు: చుట్టానికి చోటివ్వడం

ఇప్పుడు మావయ్య దగ్గరికి వద్దాం. ఎవరికైనా కొద్ది రోజులు ఇంట్లో బస ఇవ్వడం పుట్ అప్. ఇదీ విడిపోయేదే. మనిషి మధ్యలో కూర్చుంటాడు: "మై అంకుల్ పుట్ అస్ అప్ ఫర్ ఫైవ్ డేస్." ఆ అమ్మాయి రాయాల్సింది ఇదీ. "అస్" మధ్యలోకి వచ్చింది, "విత్" వెళ్లిపోయింది.

పర్లాకిమిడిలో ఉన్నప్పుడు గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకోవడానికి, ఆ భాష వచ్చిన మనిషిని తన ఇంట్లోనే పెట్టుకున్నారని చెబుతారు. ఆ సంగతి ఇంగ్లీషులో చెప్పాలంటే "గిడుగు పుట్ హిమ్ అప్ అండ్ లర్న్ట్ ద లాంగ్వేజ్ ఫ్రమ్ హిమ్" అనొచ్చు. చూశారా, మళ్లీ "పెట్టుకోవడం" వచ్చింది. ఇంట్లో మనిషిని పెట్టుకున్నా, జాడీలో ఆవకాయ పెట్టినా పుట్ అప్ మన పెట్టడానికి దగ్గరి చుట్టమే. అన్నిచోట్లా కాదు, ఈ రెండు చోట్లా.

చోటిచ్చేది మనిషే కానక్కర్లేదు. 2013 అక్టోబరు 12న పైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి తీరప్రాంత జనాన్ని ముందే తీసుకెళ్లి ఉంచిన తుపాను షెల్టర్ల గురించి రాయాలంటే "పీపుల్ వర్ పుట్ అప్ ఇన్ సైక్లోన్ షెల్టర్స్" అని కర్మణిలో రాస్తాం. పరీక్షల్లో ఈ రూపం తరచూ కనిపిస్తుంది.

ఇక మన దేశపు ఇంగ్లీషు సంగతి. "వేర్ ఆర్ యు పుటింగ్ అప్?" అంటే మనకు "ఎక్కడ ఉంటున్నావు?" అని. రైల్లో, ఆఫీసులో, పెళ్లిచూపుల్లో అందరూ అడిగే ప్రశ్న. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, పని మీద వచ్చిన ఒక విదేశీయుణ్ణి మర్యాద కొద్దీ ఇదే అడిగాను. ఆయన నా వైపు అలా చూసి, "పుటింగ్ అప్ వాట్?" అన్నాడు. దేన్ని నిలబెడుతున్నారని అడుగుతున్నాననుకున్నాడు పాపం. హోటల్లో దిగడానికి "పుట్ అప్ ఎట్ ఎ హోటల్" అనే వాడుక బ్రిటిష్ ఇంగ్లీషులో ఉంది కానీ, ఇప్పుడు పాతబడింది. శాశ్వతంగా కాపురం ఉండే చోటును అలా ఎవరూ అడగరు. మనలో మనం అడుక్కుంటే తప్పేమీ లేదు, అందరికీ అర్థమవుతుంది. బయటివాళ్లతో మాత్రం కొద్ది రోజుల బసకు "వేర్ ఆర్ యు స్టేయింగ్?" అనీ, కాపురానికి "వేర్ డు యు లివ్?" అనీ అడగడం మేలు.

ఆఫీసుల్లో "ఫైలు పుట్ అప్ చేయండి" అనేదీ ఇలాంటిదే. పై అధికారి ముందు ఫైలు పెట్టమని. దశాబ్దాలుగా నడుస్తున్న మాట, నడవనీయండి. బయటి దేశపు కంపెనీకి మెయిల్ రాసేటప్పుడు మాత్రం "సబ్మిట్" అనండి. లేకపోతే ఫైలును గోడకు తగిలించమన్నారేమో అనుకుంటారు.

ఐదో మెట్టు: ధర, డబ్బు, అభ్యర్థి, అమ్మకం

వీటిని గబగబా దాటేయొచ్చు, నిలబెట్టడం అన్న బొమ్మ ఒకటి మనసులో ఉంటే ఇవి వాటంతటవే అర్థమవుతాయి. అద్దె పెంచితే "ద ఓనర్ హాజ్ పుట్ ద రెంట్ అప్." అమెరికన్లయితే "రెయిజ్" అంటారు. ఒక పనికి డబ్బు సమకూరిస్తే "హి పుట్ అప్ ద మనీ." ఇల్లు అమ్మకానికి పెడితే "దే పుట్ ద హౌస్ అప్ ఫర్ సేల్", ఇక్కడ "ఫర్ సేల్" వదలకూడదు. గట్టిగా ఎదురు నిలిస్తే "దే పుట్ అప్ ఎ గుడ్ ఫైట్." ఈ చివరిది మాత్రం విడదీయకుండా అలాగే అనండి.

ఎన్నికల్లో అభ్యర్థిని నిలబెట్టడానికి తెలుగూ ఇంగ్లీషూ ఒకే బాటలో నడుస్తాయి. 1969 రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెస్ పార్టీ అధికారికంగా నీలం సంజీవరెడ్డిని నిలబెట్టింది: "ద కాంగ్రెస్ పుట్ అప్ సంజీవరెడ్డి." గెలిచింది మాత్రం స్వతంత్రంగా పోటీ చేసిన వి.వి. గిరి. ఆయన బరంపురంలో పుట్టినవాడు కాబట్టి ఈ ఉదాహరణ నేను ఏ క్లాసులోనూ వదలను. గిరి విషయంలో "పుట్ అప్" అనం, ఏ పార్టీ ఆయన్ని నిలబెట్టలేదు గదా. తనే నిలబడ్డాడు: "గిరి స్టుడ్ యాజ్ ఎన్ ఇండిపెండెంట్." నిలబెట్టడానికీ నిలబడడానికీ ఉన్న తేడా ఇదే. తెలుగు వచ్చినవాడికి ఇది విడిగా నేర్పక్కర్లేదు.

ఆరో మెట్టు: భరించడం

ఇప్పుడు రెండో పేజీ తెరవండి. పుట్ అప్ విత్ అంటే ఇష్టం లేకపోయినా ఓర్చుకోవడం. పక్కింటి లౌడ్‌స్పీకరు, రోజూ ఆలస్యంగా వచ్చే బండి, అల్లుడి చాడీలు, ఇవన్నీ పుట్ అప్ విత్ చేయాల్సినవి. గొప్ప త్యాగాలకూ, ప్రాణం పోయేంత నొప్పికీ ఈ మాట చిన్నదైపోతుంది. కొడుకు పోయిన తల్లి దుఃఖాన్ని "పుట్ అప్ విత్" అంటే వినడానికి బాగుండదు, అక్కడ "బేర్" లేదా "ఎండ్యూర్" కావాలి. ఇది చిరాకుల మాట, "ఏం చేస్తాం, సర్దుకుపోవాలి" అనే చోట వాడే మాట. మాట్లాడేటప్పుడు హాయిగా వాడొచ్చు. అర్జీలో, పత్రంలో రాయాలంటే "టాలరేట్" అంటే కాస్త నిండుగా ఉంటుంది.

ఇది విడిపోయే క్రియ కాదు. మూడు మాటలూ చేతులు పట్టుకుని నిలబడతాయి, వాటి మధ్యకు ఎవరూ రాకూడదు. "పుట్ అప్ విత్ ఇట్" అనే అనాలి, "పుట్ ఇట్ అప్ విత్" అనకూడదు. ఇక్కడ బక్కపలచని మనిషి కూడా వెనక్కి వెళ్లాల్సిందే.

మన ప్రాంతపు పిల్లలు చేసే తప్పు ఒకటుంది. "విత్" మింగేస్తారు. "ఐ కెనాట్ పుట్ అప్ ద నాయిస్" అని రాస్తారు. ఎందుకో ఆలోచిస్తే తెలుస్తుంది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. తెలుగులో "గోలను సహించలేను" అంటాం. ఒడియాలో సహిబా. రెండింటిలోనూ ఒకే క్రియ, పక్కన తోడుగా ఏ మాటా అక్కర్లేదు. ఆ అలవాటుతో ఇంగ్లీషులో "విత్"ను అదనపు సామానుగా చూసి దింపేస్తారు. కానీ విత్ లేకపోతే ఆ వాక్యానికి "నేను గోలను నిలబెట్టలేను" అనే అర్థం వస్తుంది. పాతపట్నం అమ్మాయిది దీనికి తిరగేసిన తప్పు, అక్కర్లేని చోట విత్ తెచ్చిపెట్టింది.

ఎలా ఆపాలి? రాసిన వెంటనే ఆ చోట "టాలరేట్" పెట్టి చదవండి. అర్థం సరిగ్గా కుదిరితే విత్ ఉండాలి. "మై అంకుల్ టాలరేటెడ్ అస్" అని చదివితే ఆ అమ్మాయికి అక్కడే అనుమానం వచ్చేది.

కాలం సంగతి కూడా చూసుకోండి. "షి పుట్స్ అప్ విత్ హిమ్" అంటే ఇప్పుడూ భరిస్తోంది. "షి పుట్ అప్ విత్ హిమ్" అంటే ఒకప్పుడు భరించింది. ఎస్ అక్షరం ఒక్కటే తేడా. ప్రశ్నలో "డజ్" తర్వాత ఆ ఎస్ పోతుంది: "హౌ డజ్ షి పుట్ అప్ విత్ హిమ్?" ఇది మా వీధిలో చాలామందికి పనికొచ్చే ప్రశ్న.

ఏడో మెట్టు: ఎగదోయడం

పుట్ అప్ తర్వాత విత్ కాకుండా "టు" వచ్చిందంటే ఎవరో ఎవరినో ఎగదోశారన్నమాట. పిల్లాడు మాస్టారి సైకిల్లో గాలి తీశాడు, తనంతట తాను చేసేవాడు కాదు. "హూ పుట్ హిమ్ అప్ టు ఇట్?" వాణ్ణి ఎవరు ఎగదోశారు? ఎగదోయబడినవాడు మధ్యలో, పని చివర. కొంటె పనికీ చెడ్డ పనికీ మాత్రమే వాడతారు. "మా నాన్న నన్ను చదువుకు పుట్ అప్ టు చేశాడు" అంటే చదువు కూడా నేరమే అనుకుంటారు.

ముందే కూడబలుక్కుని ఆడిన నాటకాన్ని "పుట్-అప్ జాబ్" అంటారు. ఇది బ్రిటిష్ వాడుక. వార్తల్లో కనిపిస్తే గుర్తుపట్టగలిగితే చాలు.

ఎనిమిదో మెట్టు: చేత్తో రాయండి

కింది వాక్యాల్ని ఇంగ్లీషులోకి మార్చండి. జవాబు పక్కనే ఉంది, చేత్తో మూసుకుని చేయండి. ఫోన్లో టైపు చేస్తే అది తనే సరిదిద్దేస్తుంది, మీకేమీ మిగలదు.

మేం పందిరి వేశాం, గాలి దాన్ని పడగొట్టింది, మళ్లీ వేశాం. "వి పుట్ అప్ ఎ పండాల్, ద విండ్ బ్లూ ఇట్ డౌన్, అండ్ వి పుట్ ఇట్ అప్ అగైన్." మొదటిసారి పందిరి చివర ఉన్నా ఫర్వాలేదు, రెండోసారి "ఇట్" మధ్యలోకి రావాల్సిందే.

ఓనరు అద్దె పెంచాడు, మేం ఊరుకోం. "ద ఓనర్ హాజ్ పుట్ అప్ ద రెంట్, అండ్ వి వోంట్ పుట్ అప్ విత్ ఇట్." రెండు క్రియలూ ఒకే వాక్యంలో పడ్డాయి. మొదటిది విడదీసి "పుట్ ద రెంట్ అప్" అన్నా సరే, రెండోది ముట్టుకోకండి.

రాత్రికి నాకు మీ ఇంట్లో చోటిస్తారా? "కుడ్ యు పుట్ మి అప్ ఫర్ ద నైట్?" ఇక్కడ విత్ పెట్టారంటే ఆ రాత్రి అరుగు మీదే.

ఇది కాస్త కష్టం, పాతపట్నం అమ్మాయే తర్వాత తయారు చేసి తెచ్చింది. యాత్ర అయిపోయింది, వారం రోజులు చుట్టాలకు చోటిచ్చాం, ఇంకో వారం వాళ్లను భరించాం. "వి పుట్ దెమ్ అప్ ఫర్ ఎ వీక్, అండ్ పుట్ అప్ విత్ దెమ్ ఫర్ అనదర్."